ఆయిల్ పంపు మార్చే ముందు
పాఠకుల ప్రశ్నలు – జవాబులు

వేసవి మొదలయ్యేసరికి ఆయిల్ ప్రెషర్ గురించిన ఉత్తరాలు ఎక్కువగా వస్తాయి. ఈసారి వచ్చినవాటిలో నాలుగింటికి సమాధానాలు ఇస్తున్నాను. మొదటి ఉత్తరం రాసినవారు వివరాలన్నీ ఓపికగా రాశారు కాబట్టి దానికి ఎక్కువ చోటు కేటాయించాను. ఆయన సమస్యే ఎందరికో ఉన్న సమస్య.

ప్రశ్న: అయ్యా, మా ఇంట్లో 1984 నాటి పెట్రోలు అంబాసిడర్ ఉంది. నాన్నగారు కొన్న బండి కనుక అమ్మడానికి మనసొప్పడం లేదు. రెండేళ్ల క్రితం ఇంజను దించి బోరింగు, క్రాంకు (పిస్టన్లు తిప్పే ప్రధాన ఇరుసు) గ్రైండింగు చేయించి, పది థౌ (అంగుళంలో వెయ్యో వంతు ఒక థౌ) అండర్‌సైజు బేరింగులు వేయించాము. ఆరు నెలలు గడిచాక ఒకరోజు గుంటూరు నుంచి తిరిగి వస్తూ కనకదుర్గ వారధి మీద ట్రాఫిక్కులో ఆగినప్పుడు ఆయిల్ మీటరు ముల్లు దాదాపు సున్నాకు పడిపోయింది. పంపు పోయిందని చెప్పి కొత్తది వేశారు. నాలుగైదు నెలలు బాగానే ఉంది, ఆ తరువాత మళ్లీ అదే కథ. ఇప్పటికి మూడు పంపులు మార్చాము. ఉదయం స్టార్టు చేయగానే మీటరు 50 చూపిస్తుంది, ఇంజను వేడెక్కాక ఐడ్లింగులో 8, 10 మధ్య ఊగుతుంది, రోడ్డు మీద ఎంత వేగంగా వెళ్లినా 25 దాటదు. ఇప్పుడు నాలుగో పంపు వేయాలంటున్నారు. తీసేసిన పంపుల్లో రెండు నా దగ్గర ఉన్నాయి. నాలుగోది కొనమంటారా?
– ఒక పాఠకుడు, పటమట, విజయవాడ

జవాబు: ఇప్పుడే కొనవద్దు. మీరు రాసిన ఆ మూడు అంకెలు, వాటికన్నా ముఖ్యంగా మీరు పారేయకుండా దాచిన ఆ రెండు పాత పంపులు, లోపం ఎక్కడ ఉందో చాలావరకు చెప్పగలవు.

పంపు చేసే పని ఆయిల్‌ను తోయడం వరకే. అలా తోసిన ఆయిల్ క్రాంకును మోసే మెయిన్ బేరింగుల సందుల్లోనుంచి, పిస్టను రాడ్లను క్రాంకుకు కలిపే బిగ్ ఎండ్ బేరింగుల సందుల్లోనుంచి, క్యామ్ షాఫ్టు బుష్షుల పక్కనుంచి ఇరుకుగా బయటపడవలసి వస్తుంది కాబట్టి ప్రెషర్ పుడుతుంది. బ్యారేజీ దగ్గర నీరు నిండుగా వదిలినా శివారు పొలానికి అందలేదంటే మన కృష్ణా డెల్టా రైతు గేట్లను తప్పుపట్టడు, కాలువ కట్టకు గండి ఎక్కడ పడిందో చూసుకుంటూ నడుస్తాడు. ఇంజనులో ఆ గండ్లు బేరింగుల దగ్గర పడతాయి. బేరింగు సందు రెట్టింపైనప్పుడు అందులోనుంచి కారిపోయే ఆయిల్ రెట్టింపుతో ఆగదు, సుమారు ఎనిమిది రెట్లు అవుతుంది; సన్నని సందులో ప్రవాహం ఆ సందు కొలత ఘనాన్ని (దానిని దానితోనే మూడుసార్లు హెచ్చించిన లెక్కను) బట్టి పెరుగుతుంది మరి. దీనికి వేడి తోడవుతుంది. 20డబ్ల్యు-50 ఆయిల్‌కు 40 డిగ్రీల దగ్గర ఉన్న చిక్కదనంలో 100 డిగ్రీలకు వచ్చేసరికి ఎనిమిదో వంతో, తొమ్మిదో వంతో మాత్రమే మిగులుతుంది. అందుకే మీ బండి ఉదయం ఆరోగ్యంగా కనిపించి, మధ్యాహ్నం వారధి మీద నీరసించిపోతోంది.

మంచి స్థితిలో ఉన్న 1489 సీసీ ఇంజను వేడి మీద, రోడ్డు వేగంలో 50 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) దరిదాపుల్లోను, ఐడ్లింగులో 15కు తగ్గకుండాను చూపాలి. మీ అంకెలు అందులో సగమే. అయితే ఈ అంకెలను నమ్మే ముందు మీటరును పరీక్షించాలి. నలభై ఏళ్ల మీటరు ఇది. దానికి వెళ్లే కనెక్షను విప్పి అదే చోట వర్క్‌షాపుల్లో ఉండే పరీక్ష గేజిని బిగించి, చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, అరగంట నడిపి వచ్చాక ఐడ్లింగులో ఒకసారి, సుమారు 2000 ఆర్‌పీఎం దగ్గర మరొకసారి ప్రెషర్ చూసి కాగితం మీద రాసుకోండి. ఇది గంట పని. మూడు పంపులు మార్చిన రెండేళ్లలో ఈ పని ఒక్కసారైనా జరిగినట్లు మీ ఉత్తరంలో లేదు, నాకు బాధ కలిగించిన విషయం అదే.

గేజి కూడా అవే అంకెలు చూపిందని అనుకుందాం. అప్పుడు దాచిన పంపులను విప్పండి. మీ ఇంజనులోని పంపు లోపల నాలుగు మూలల లోపలి రోటరు ఒకటి, దాని చుట్టూ తిరిగే బయటి రోటరు ఒకటి ఉంటాయి. రెండింటినీ పెట్రోలుతో కడిగి, ఆరబెట్టి, సందులు కొలిచే పలుచని రేకుల ఫీలర్ గేజితో కొలవాలి. రోటర్ల పైముఖానికి, పంపు ముఖం మీద అడ్డంగా పెట్టిన స్టీలు స్కేలుకు మధ్య సందు 0.127 మిల్లీమీటర్లు, అంటే ఐదు థౌ దాటకూడదు. రెండు రోటర్ల కొమ్ముల మధ్య సందు 0.15 మిల్లీమీటర్లు, బయటి రోటరుకు పంపు గోడకు మధ్య సందు 0.25 మిల్లీమీటర్లు దాటకూడదు. ఈ కొలతల్లో ఉండి కూడా మీ పంపు బయటికి వచ్చిందంటే, దానిని అన్యాయంగా తీసేశారన్న మాట. మరి కొత్త పంపు వేసిన ప్రతిసారీ ప్రెషర్ ఎందుకు పెరిగిందని మీరు అడగవచ్చు. పంపుతోపాటు ఛాంబరు (ఇంజను అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) కడిగారు, కొత్త ఆయిల్ పోశారు, కొత్త ఫిల్టరు వేశారు. ఆ మెరుగుదలలో వాటి వాటా ఎంతో, పంపు వాటా ఎంతో విడదీసి చూసినవారు లేరు.

కొలతలు దాటి ఉంటే అరుగుదల ఎలాంటిదో చూడాలి. రోటర్ల ముఖం, మూత లోపలి వైపు గోరుకు తగిలేలా వలయాలుగా గీతలు పడి ఉంటే, గట్టి రజను ఏదో పంపు గుండా వెళ్లిందన్న మాటే. నాలుగైదు నెలల్లో పంపు దానంతట అది అరిగిపోదు. నా అనుమానం ఇక్కడే ఉంది. ఇంజనులో తిరిగే భాగాలన్నింటికీ ఫిల్టరు దాటిన ఆయిల్ అందుతుంది, ఒక్క పంపుకు మాత్రం స్ట్రెయినరు జాలీ దాటిన ఆయిల్ నేరుగా అందుతుంది. జాలీ పెద్ద ముక్కలను ఆపుతుంది గాని గ్రైండింగు రజనును ఆపలేదు. రెండేళ్ల క్రితం క్రాంకు గ్రైండింగు చేసినప్పుడు దాని లోపలి ఆయిల్ రంధ్రాలను, బ్లాకులోని పొడవాటి ఆయిల్ దారులను ప్లగ్గులు విప్పి, బ్రష్షు దూర్చి, కిరోసిన్‌తో కడిగి, గాలి కొట్టారా? సాధారణంగా పై పైన గాలి కొట్టి సరిపెడతారు. ఆ రంధ్రాల్లో మిగిలిన రాతిపొడి కొద్ది కొద్దిగా బయటపడి, ఛాంబరులోకి దిగి, పంపును, బేరింగులను రెండింటినీ తినేస్తుంది. ఫిల్టరు పూర్తిగా మూసుకుపోతే దాని పక్కదారి వాల్వు తెరుచుకుని, వడకట్టని ఆయిల్ బేరింగులకు కూడా వెళ్తుంది. పంపు మారుస్తూ పోతే కారణం లోపలే ఉండిపోతుంది, కొత్త పంపు దానికి కొత్త మేత అవుతుంది.

కాబట్టి ఈసారి ఛాంబరు దించినప్పుడు ముందు అడుగున పేరుకున్న మడ్డిని తెల్లని గుడ్డ మీద పరిచి, ఎండలో పెట్టి చూడండి. అయస్కాంతానికి అంటుకునే పొడి ఇనుప భాగాలది, అంటుకోకుండా మెరిసేది బేరింగులది, బూడిదరంగులో గరగరలాడేది గ్రైండింగు రాతిది అయ్యే అవకాశం ఎక్కువ. ఆ తరువాత కనీసం ఒక మెయిన్ బేరింగు, రెండు బిగ్ ఎండ్ బేరింగులు విప్పి, ప్లాస్టీగేజి (బిగించినప్పుడు నలిగి సందు ఎంతో చూపే ప్లాస్టిక్ దారం) పెట్టి సందు కొలిపించండి. షాఫ్టు వ్యాసంలో ప్రతి 25 మిల్లీమీటర్లకు 0.025 మిల్లీమీటరు చొప్పున సందు ఉండడం మంచి లెక్క. 50 మిల్లీమీటర్ల జర్నలుకు, అంటే షాఫ్టులో బేరింగు పట్టే భాగానికి, 0.05 అన్న మాట. అది 0.1 దగ్గరికి చేరి ఉంటే పంపు ఎంత కొత్తదైనా మీ ఐడ్లింగు ప్రెషర్ నిలబడదు. బేరింగుల మీద కూడా గీతలు ఉంటే ఇంజను దించి, క్రాంకు బయటికి తీసి, దారులన్నీ కడిగించక తప్పదు. ఖర్చు ఎక్కువే, నేను కాదనను. అయినా మూడు పంపులకు, మూడుసార్ల కూలికి, మూడుసార్ల ఆయిల్‌కు మీరు పెట్టినదానితో పోల్చి చూసుకోండి.

ప్రెషర్ మరీ పెరిగితే తెరుచుకుని ఆయిల్ వదిలేసే రిలీఫ్ వాల్వు సంగతి కూడా చెప్పాలి. మీ ఇంజనులో అది బ్లాకుకు ఎడమవైపు వెనుక భాగాన, గుమ్మటం లాంటి నట్టు కింద ఉంటుంది. ఛాంబరు దించకుండానే విప్పవచ్చు. చల్లగా 50 వస్తోంది కాబట్టి అది పూర్తిగా తెరుచుకుని ఇరుక్కుపోలేదు, కాని అది కూర్చునే చోట రజను చిక్కుకుని కొద్దిగా కారుతుండవచ్చు. విప్పి, కడిగి, వాల్వు మీద చుట్టూ సమానంగా కూర్చున్న గుర్తు ఉందో లేదో చూడాలి. స్ప్రింగు వెనుక వాషర్లు వేసి ఉన్నాయేమో కూడా చూడండి. ప్రెషర్ పెంచడానికి కొందరు అలా వేస్తారు. దానివల్ల చల్లటి ఇంజనులో ప్రెషర్ అవసరానికి మించి పెరిగి ఫిల్టరు ప్యాకింగు తన్నుకుపోతుంది, ఐడ్లింగులో మాత్రం ఏమీ పెరగదు, ఎందుకంటే 10 పీఎస్ఐ దగ్గర ఆ వాల్వు ఎలాగూ మూసే ఉంటుంది.

ఇవన్నీ చేశాక పంపు నిజంగా అరిగిందని తేలితే కొత్తది కొనండి. కాని ఆటోనగర్‌లో దుకాణం దగ్గరే మూత విప్పించి, పైన చెప్పిన కొలతలు చూసుకుని మరీ కొనండి. అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. ఇప్పుడు దొరికే పంపుల్లో మంచివీ ఉన్నాయి, డబ్బాలోనే లూజుగా ఉన్నవీ ఉన్నాయి. బిగించే ముందు పంపు నిండా ఆయిల్ పోయాలి. బిగించాక స్పార్కు ప్లగ్గులు తీసి, గేజిలో ప్రెషర్ కనిపించేవరకు సెల్ఫ్ కొట్టి, ఆ తరువాతే ఇంజను స్టార్టు చేయాలి. ఎండిపోయిన పంపు మొదటి నిమిషంలో ఆయిల్‌ను పైకి లాగలేక, కొత్త బేరింగులను పొడిగా తిప్పిస్తుంది.

ప్రశ్న: మాది 1998 మారుతి 800. మూడు నెలల క్రితం మా వీధిలో కొత్తగా వేసిన స్పీడ్ బ్రేకరుకు కింద గట్టిగా తగిలింది. ఆయిల్ కారలేదు కాబట్టి పట్టించుకోలేదు. కొన్ని వారాల తరువాత మంగళగిరి దారిలో 60 దాటగానే ఎర్ర లైటు మిణుకుమనడం మొదలైంది. వేగం తగ్గిస్తే ఆరిపోతుంది. ఆయిల్ పంపు మార్పించాను, ఫలితం లేదు. ఐడ్లింగులో లైటు వెలగదు.
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: మీరు రాసిన ఆఖరి వాక్యం చాలా విలువైనది. బేరింగులు అరిగిన ఇంజనులో లైటు ఐడ్లింగులో వెలిగి, వేగం పెరిగితే ఆరుతుంది. మీ బండిలో దానికి సరిగ్గా తలకిందులుగా జరుగుతోంది. వేగం పెరిగినప్పుడు పంపు ఎక్కువ ఆయిల్ అడుగుతుంది, అంత ఆయిల్ పీల్చే దారిలో రావడం లేదు. అడ్డు పంపుకు వెనుక కాదు, పంపుకు ముందు ఉంది.

స్పీడ్ బ్రేకరు తగిలినప్పుడు ఛాంబరు అడుగు లోపలికి సొట్టపడి ఉంటుంది. స్ట్రెయినరు నోరు ఛాంబరు అడుగుకు బాగా దగ్గరగా ఉంటుంది కాబట్టి ఆ సొట్ట దానికి ఆనుకుంటే, ఐడ్లింగుకు సరిపోయేంత ఆయిలే లోపలికి వెళ్తుంది. బండిని ర్యాంపు ఎక్కించి కింద చేత్తో తడిమినా సొట్ట తెలిసిపోతుంది. ఛాంబరు దించి, సొట్టను లోపలినుంచి కొట్టి తీయవచ్చు, లేదా ఛాంబరే మార్చవచ్చు. అదేమీ పెద్ద ఖర్చు కాదు.

ఛాంబరు దించినప్పుడు రెండు విషయాలు తప్పక చూడమనండి. ఈ బండిలో పంపు ఇంజను ముందువైపు క్రాంకు కొస మీద ఉంటుంది. దానిని మార్చాలంటే టైమింగ్ బెల్టు విప్పాలి, ఛాంబరూ దించాలి. అంటే మీ ఛాంబరు ఇప్పటికే ఒకసారి దిగి, తిరిగి ఎక్కింది. ఎక్కించేటప్పుడు ప్యాకింగు పేస్టును ఎక్కువగా పూస్తే, లోపలికి పిండుకొచ్చిన పేస్టు ఎండి, ముక్కలుగా రాలి, జాలీకి అతుక్కుంటుంది. పాత బండ్ల జాలీల మీద ఈ పేస్టు తొక్కలను నేను లెక్కలేనన్నిసార్లు చూశాను. రెండోది, స్ట్రెయినరు గొట్టం పంపుకు కలిసే చోట ఉండే రబ్బరు రింగు. పాతదే తిరిగి వేసి ఉంటే అది గట్టిపడి, ఆయిల్‌తోపాటు గాలిని కూడా పీల్చనిస్తుంది. గాలి కలిసిన ఆయిల్ నురగలాంటిది, బేరింగును మోయలేదు. ఈ రింగుకు అయ్యేది చాలా చిన్న మొత్తం, కొత్తది వేయించండి.

అన్నింటికన్నా ముఖ్యమైన మాట ఒకటి ఉంది. మీ బండిలో మీటరు లేదు, లైటు మాత్రమే ఉంది. ఆ లైటు స్విచ్చు ప్రెషర్ సుమారు 5 పీఎస్ఐ స్థాయికి పడిపోయాకే వెలుగుతుంది. 60 కిలోమీటర్ల వేగంలో అది మిణుకుమందంటే ఆ క్షణంలో బిగ్ ఎండ్ బేరింగులు దాదాపు పొడిగా తిరుగుతున్నాయి. ఛాంబరు సరిచేయించేవరకు దయచేసి బండిని బయటికి తీయవద్దు, మెకానిక్ దగ్గరికి కూడా తాడు కట్టి లాగించుకుని వెళ్లండి. మూడు నెలలుగా ఇలా నడిచింది కాబట్టి ఛాంబరు దించిన రోజునే ఒక బిగ్ ఎండ్ మూత విప్పించి బేరింగు ముఖం చూడమనండి. బూడిదరంగు పొర చెరిగి లోపలి రాగిరంగు బయటపడి ఉంటే బేరింగులు కూడా మార్చవలసి ఉంటుంది.

ప్రశ్న: మా పాత డీజిల్ జీపులో ఆయిల్ తగ్గడానికి బదులు పెరుగుతోంది. గేజీ కర్ర మీద గీత దాటి వేలెడు పైకి వచ్చింది. ప్రెషర్ మాత్రం పడిపోయింది. పంపు మార్చమంటారా?
– ఒక రైతు, తెనాలి

జవాబు: పంపు జోలికి వెళ్లకండి. ఆయిల్ దానంతట అది పెరగదు, దానిలో మరొకటి కలుస్తోంది. గేజీ కర్రను వాసన చూడండి. డీజిల్ వాసన వేస్తే, వేళ్ల మధ్య రుద్దినప్పుడు నీళ్లలా జారితే, ఇంధనం ఛాంబరులోకి దిగుతోంది. డీజిల్‌ను ఇంజెక్షన్ పంపుకు అందించే ఫీడ్ పంపు డయాఫ్రము చిరిగినా, దానిలోని ప్లంజరు అరిగినా, టైమింగ్ గేర్ల వైపు ఉండే ఇంజెక్షన్ పంపు సీలు పోయినా ఇలాగే జరుగుతుంది. ఒక ఇంజెక్టరు మూసుకోక కారుతుంటే మండని డీజిల్ సిలిండరు గోడల వెంట కిందికి దిగుతుంది; అలాంటప్పుడు పొగ ఎక్కువవుతుంది, ఒక సిలిండరు కొట్టుకుంటున్న శబ్దం వస్తుంది. వాసన లేకుండా ఆయిల్ పాలుకలిపిన కాఫీ రంగులోకి మారి ఉంటే నీరు కలుస్తోంది, అది హెడ్ ప్యాకింగు పని.

ఏది కలుస్తున్నా ఆ ఆయిల్‌తో బండిని ఒక్క కిలోమీటరు కూడా నడపవద్దు. పలచబడిన ఆయిల్ బేరింగులను పాడుచేయడమే కాదు, డీజిల్ ఇంజనులో ఆయిల్ మట్టం మరీ పెరిగితే బ్రీదరు (ఛాంబరులోని ఆవిరి బయటికి పోయే గొట్టం) గుండా ఇంజనే దానిని పీల్చి, తాళం తీసినా ఆగకుండా పరుగెత్తే ప్రమాదం ఉంది. కారణం సరిచేయించి, ఆయిల్, ఫిల్టరు రెండూ మార్చాక ప్రెషర్ మళ్లీ కొలవండి. చాలా బండ్లలో అక్కడితోనే అంకె యథాస్థితికి వస్తుంది.

ప్రశ్న: పాత ఫియట్ నడుపుతున్నాను. రెండు సందేహాలు. ప్రెషర్ తక్కువగా ఉందని 20డబ్ల్యు-50 బదులు ఇంకా చిక్కటి ఆయిల్ గాని, డబ్బాల్లో దొరికే మందు గాని పోయవచ్చునా? వారం రోజులు నిలిపిన తరువాత స్టార్టు చేస్తే ఆయిల్ లైటు ఐదారు సెకన్లు ఆరడం లేదు. ఆ తరువాత రోజంతా బాగుంటుంది. ఇది పంపు లోపమేనా?
– ఒక పాఠకుడు, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: మే నెలలో 45 డిగ్రీలు చూసే మన ఊరిలో పాత పెట్రోలు ఇంజనుకు 20డబ్ల్యు-50 తగిన ఆయిలే. చివరి అంకె 50 అంటే 100 డిగ్రీల దగ్గర దాని చిక్కదనం 16.3 నుంచి 21.9 సెంటీస్టోక్సు మధ్య ఉంటుంది. 40 గ్రేడుకు అది 12.5 నుంచి 16.3 వరకు. మీరు ఇప్పుడు 40 గ్రేడు వాడుతుంటే 50కి మారడంలో తప్పు లేదు. దానిని మించి చిక్కబరిస్తే మీటరు అంకె పెరుగుతుంది గాని, బేరింగులకు అందే ఆయిల్ పెరగదు. ఉదయం పూట అది రాకర్ల వరకు చేరడానికి ఇంకా ఆలస్యమవుతుంది. డబ్బా మందులు కూడా చిక్కబరిచే పనే చేస్తాయి. ఇంజను లోపల శుభ్రం చేస్తుందని అమ్మే ఫ్లష్ మందును మాత్రం పాత ఇంజనులో అసలు పోయవద్దు. ఏళ్ల తరబడి గోడలకు అంటుకున్న మడ్డి ఒక్కసారిగా ఊడి జాలీని మూసేస్తుంది.

ఇక రెండోది. ఇంజను నిలిచి ఉన్నప్పుడు ఫిల్టరులోని ఆయిల్ వెనక్కి జారిపోకుండా దానిలో ఒక రబ్బరు వాల్వు ఉంటుంది. చవక ఫిల్టర్లలో అది సరిగా మూసుకోదు, కొన్నింటిలో అసలు ఉండదు. వారం తరువాత పంపు ఆ ఖాళీ ఫిల్టరును మొదట నింపి, ఆ తరువాతే ఆయిల్‌ను బేరింగులకు పంపాలి కాబట్టి ఐదారు సెకన్లు పడుతోంది. మంచి ఫిల్టరు వేయించి, మళ్లీ వారం నిలిపి చూడండి. లైటు ఒకటి రెండు సెకన్లలో ఆరిపోతే మీ పంపును ముట్టుకోవలసిన అవసరం లేదు. అప్పటికీ ఆరకపోతే వేడి మీద గేజి పెట్టించి, ఆ అంకెలతో మళ్లీ రాయండి.